ఒకే లోడు, ఆరు పర్మిట్లు: అమెరికా రాష్ట్రాల మధ్య భారీ సరుకు ప్రయాణం

హ్యూస్టన్ రేవులో ఓడ నుంచి దిగిన ఒక భారీ విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్‌ను రోడ్డు మార్గాన నార్త్ డకోటాకు చేర్చాలనుకుందాం. టెక్సస్, ఓక్లహోమా, కాన్సస్, నెబ్రాస్కా, సౌత్ డకోటా, చివరికి నార్త్ డకోటా. పటం మీద చూస్తే దారి దాదాపు నిటారుగా ఉత్తరానికి పోతుంది. వాహనం ఒక్కటే, లోడు ఒక్కటే. పర్మిట్లు మాత్రం ఆరు. ఆ ఆరింటినీ కలిపి ఇచ్చే కార్యాలయం అమెరికా రాజధానిలో ఎంత వెతికినా దొరకదు. పరిమాణం మించిన వాహనాలకు ఫెడరల్ ప్రభుత్వం పర్మిట్లు ఇవ్వదు, అది పూర్తిగా రాష్ట్రాల ఇష్టం. రాష్ట్రాల్లోనైనా ఈ పని చూసే శాఖ ఒకటే కాదు. టెక్సస్‌లో 2012 దాకా రహదారుల శాఖ చూసేది, ఆ తర్వాత మోటారు వాహనాల శాఖకు మారింది. నార్త్ డకోటాలో చాలాకాలంగా హైవే పెట్రోల్ పోలీసులే పర్మిట్లు ఇస్తూ వచ్చారు.

బయటి నుంచి చూసేవారికి ఇది వింతే. రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారాన్ని అమెరికా రాజ్యాంగం కాంగ్రెస్‌కు ఇచ్చింది. 1956 చట్టం కింద మొదలైన, రాష్ట్రాలను కలిపే ఇంటర్‌స్టేట్ రహదారుల ఖర్చులో 90 శాతం ఫెడరల్ ఖజానా భరించింది. అయినా రోడ్డు వేసింది రాష్ట్రం. గుంత పడితే పూడ్చేదీ, వంతెన కూలితే జవాబు చెప్పేదీ రాష్ట్రమే. అందుకే ఫెడరల్ ప్రభుత్వం మామూలు వాహనాలకు కొన్ని హద్దులు గీసి ఊరుకుంది. ఆ హద్దు దాటిన వాహనాన్ని రానివ్వాలా వద్దా, రానిస్తే ఏ షరతుల మీద అన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేల్చుకుంటుంది. డబ్బు ఒకరిది, రోడ్డు ఇంకొకరిది.

ఈ హద్దుల చరిత్రలో ఒక విచిత్ర ఘట్టం ఉంది. 1956 చట్టం ఇంటర్‌స్టేట్ మీద వాహనం మొత్తం బరువును 73,280 పౌండ్లకు, అంటే దాదాపు 33 టన్నులకు పరిమితం చేసింది. చమురు సంక్షోభం తర్వాత 1974లో చేసిన చట్టం దాన్ని 80,000 పౌండ్లకు పెంచింది. అయితే పెంచుకోవచ్చని మాత్రమే అంది, పెంచి తీరాలని అనలేదు. చాలా రాష్ట్రాలు పెంచాయి. మిసిసిపీ నది వెంట వరుసగా ఉన్న ఇల్లినాయ్, మిసోరీ, ఆర్కన్సా పెంచలేదు. దాంతో తూర్పు నుంచి పడమటికి పోయే లారీకి దేశం నడుమ ఒక గోడ లేచినట్టయింది. మూడు టన్నుల తేడా కోసం చుట్టుదారి పట్టాలి, లేదా మొదటి నుంచే తక్కువ సరుకు ఎత్తుకోవాలి. ఆ గోడను 1982 చట్టం పడగొట్టింది. ఇంటర్‌స్టేట్ రహదారుల మీద 80,000 పౌండ్ల వాహనాన్ని, ముఖ్య రహదారుల మీద 102 అంగుళాల వెడల్పును రాష్ట్రాలు అనుమతించి తీరాలని చెప్పింది.

అంటే ఇప్పుడు మామూలు లారీకి హద్దులు ఇవి: వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు, మొత్తం బరువు 80,000 పౌండ్లు అంటే 36 టన్నుల పైచిలుకు, ఒక్క ఇరుసు మీద 20,000 పౌండ్లు, జంట ఇరుసుల మీద 34,000. ఎత్తుకు ఫెడరల్ హద్దే లేదు. తూర్పు రాష్ట్రాల్లో సాధారణంగా 13 అడుగుల 6 అంగుళాలు, పడమట 14 అడుగులు, నెబ్రాస్కా, కొలరాడోలలో 14 అడుగుల 6 అంగుళాలు. ఒక రాష్ట్రంలో ఏ పర్మిటూ అక్కర్లేని లోడు సరిహద్దు దాటగానే పర్మిట్ లోడు అయిపోవడానికి ఈ అంగుళాలు చాలు. మన దేశంలో 2018లో ఇరుసు బరువులు పెంచాక పెద్ద ట్రైలర్ లారీ మొత్తం 55 టన్నుల దాకా మామూలుగానే తిరగవచ్చు. పెద్ద లారీల దేశంగా పేరుపడ్డ అమెరికా సాధారణ హద్దు దానికన్నా చాలా తక్కువ.

రాష్ట్రానికో తీరు నిబంధనలు ఉండటమే అసలు సమస్య అని రవాణా సంస్థలు తరచూ అంటాయి. అది సగం నిజం. పర్మిట్ కాగితం ఏ ప్రశ్నకు జవాబు చెబుతుంది, ఏ ప్రశ్నను రవాణాదారు నెత్తిన వదిలేస్తుంది అన్నది అంతకన్నా ముఖ్యం. ఆ రెండో సగం గురించి మాట్లాడేవారు తక్కువ.

విడదీయలేనిది అంటే ఏమిటి

పర్మిట్ అడిగే ముందు దాటాల్సిన మొదటి గడప ఇది. ఇంటర్‌స్టేట్ మీద బరువు మించిన వాహనానికి రాష్ట్రం పర్మిట్ ఇవ్వాలంటే, సాధారణంగా ఆ లోడు విడదీయలేనిదై ఉండాలి. ఇసుక, ధాన్యం, ఇటుకలు ఎక్కువ నింపుకొని పర్మిట్ ఇవ్వండి అంటే కుదరదు, రెండు లారీల్లో పంపవచ్చు కాబట్టి. మరి యంత్రం సంగతి? ఫెడరల్ నిబంధన మూడు కొలతలు పెట్టింది. విడదీస్తే అది ఉద్దేశించిన పనికి పనికిరాకుండా పోవాలి, లేదా దాని విలువ నాశనం కావాలి, లేదా తగిన పనిముట్లతో విడదీయడానికి ఎనిమిది పని గంటలకు పైగా పట్టాలి. ఇందులో ఏదో ఒకటి నిజమని నిరూపించాల్సిన భారం దరఖాస్తుదారుదే. వాడేసిన అణు ఇంధనాన్ని మోసే పీపాల వంటి కొన్నింటిని విడదీయలేనివిగా పరిగణించే వెసులుబాటును అదే నిబంధన రాష్ట్రాలకు విడిగా ఇచ్చింది.

ఎనిమిది గంటలు అని రాసుకున్నంత తేలికగా ఇది తేలదని ఐడహో రాష్ట్రంలో జరిగిన గొడవ చూపిస్తుంది. కెనడాలోని ఆల్బర్టాలో కర్ల్ అనే చోట తారు ఇసుక నుంచి చమురు తీసే ప్రాజెక్టు కోసం దక్షిణ కొరియాలో భారీ యంత్ర విభాగాలు తయారయ్యాయి. వాటిని ఓడల్లో తెచ్చి, కొలంబియా, స్నేక్ నదుల మీదుగా పడవల మీద ఐడహోలోని లూయిస్టన్ రేవుకు చేర్చి, అక్కడి నుంచి 12వ నంబరు హైవే మీదుగా మోంటానాకు, ఆపై కెనడాకు తీసుకుపోవాలన్నది 2010 నాటి పథకం. మొత్తం రెండు వందలకు పైగా లోడ్లు. ఇంటర్‌స్టేట్ వదిలి కొండల నడుమ నది పక్కన మెలికలు తిరిగే రెండు వరుసల రోడ్డు ఎందుకు? ఇంటర్‌స్టేట్ మీద అడుగడుగునా పైవంతెనలు ఉన్నాయి, వాటి కింద ఈ ఎత్తు పట్టదు. ఈ పాత కొండదారికి పైన ఆకాశమే.

స్థానికులు, పర్యావరణవాదులు కోర్టులకు వెళ్లారు. ఐడహోలో వాదనలు, మోంటానాలో స్టే. నెలలు గడుస్తున్నా యంత్రాలు రేవులోనే ఉండిపోయాయి. చివరికి కంపెనీ ఏం చేసిందంటే, విడదీయడానికి వీల్లేదన్న ఆ విభాగాలలో కొన్నింటిని రేవులోనే కోసి, ఎత్తు తగ్గించి, ఇంటర్‌స్టేట్ మీదుగానే పంపించింది. దీన్ని మోసం అనడం తొందరపాటు అవుతుంది. కోయడానికి చాలా ఖర్చయింది, ఎనిమిది గంటల్లో అయ్యే పని అది ఎంతమాత్రం కాదు. అయితే విడదీయలేనితనం వస్తువులో ఉండే గుణం కాదనీ, ఆలస్యానికి ఎంత ఖర్చవుతుంది, కోతకు ఎంత ఖర్చవుతుంది అనే లెక్కలో తేలేదనీ అక్కడ బయటపడింది.

అదే రోడ్డు మీద 2013లో ఇంకో మలుపు. వేరే సంస్థ తెచ్చిన మరో భారీ లోడుకు ఐడహో రవాణా శాఖ పర్మిట్ ఇచ్చింది. ఆ రోడ్డు నెజ్ పర్స్ ఆదివాసుల రిజర్వేషన్ గుండా, ఆ తర్వాత ఫెడరల్ అటవీ భూముల గుండా పోతుంది. ఆగస్టులో ఆదివాసులు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు, వారి మండలి నాయకులు అరెస్టయ్యారు. సెప్టెంబరులో ఫెడరల్ న్యాయమూర్తి బి. లిన్ విన్‌మిల్ అటువంటి లోడ్లను అటవీ ప్రాంతంలో ఆపాలని అటవీ శాఖను ఆదేశించారు. పర్మిట్ ఇచ్చే అధికారం రాష్ట్రానిదే. అది చెల్లని నేల దారి మధ్యలో వచ్చింది, అంతే.

వంతెన లెక్క

పర్మిట్ దరఖాస్తులో రాష్ట్రం నిజంగా కళ్లు పెట్టి చూసేది బరువును. వంతెన ఆ రాష్ట్రానిది కాబట్టి. ఇక్కడ మొత్తం బరువు కన్నా అది ఎంత దూరం మీద పరచుకుంది అన్నది ప్రధానం. ఫెడరల్ వంతెన సూత్రం ఇరుసుల సంఖ్యనూ, మొదటి ఇరుసు నుంచి చివరి ఇరుసుకు ఉన్న దూరాన్నీ తీసుకుని ఎంత బరువు మోయవచ్చో చెబుతుంది. దూరాన్ని ఇరుసుల సంఖ్యతో గుణించి, ఇరుసుల సంఖ్యలో ఒకటి తగ్గించి దానితో భాగించాలి. దానికి ఇరుసుల సంఖ్యకు పన్నెండు రెట్లు, మరో ముప్పై ఆరు కలపాలి. వచ్చినదాన్ని అయిదు వందలతో గుణిస్తే పౌండ్లలో జవాబు వస్తుంది.

అయిదు ఇరుసుల లారీకి ఆ దూరం 51 అడుగులైతే లెక్క 79,875 దగ్గర తేలుతుంది, సవరిస్తే 80,000 పౌండ్లు. అదే లారీలో ఇరుసుల మధ్య దూరాన్ని 36 అడుగులకు కుదిస్తే 70,500 పౌండ్లకే అనుమతి. ఇరుసులు అయిదే, టైర్లు అవే, నాలుగు టన్నులకు పైగా హక్కు పోయింది. పొట్టి లారీ బరువంతా వంతెనలోని ఒకే దూలం మీద ఒకేసారి పడుతుంది కనుక. భారీ యంత్రాలను మోసే ట్రైలర్లు చక్రాల బారు తీరి అంత పొడవుగా కనిపించడానికి కారణం ఇదే. పొడుగు పెరిగేకొద్దీ వంతెనకు హాయి, మలుపులకు ఇబ్బంది. ఒక నిబంధన కోసం ట్రైలర్‌ను సాగదీస్తే రెండో నిబంధన దగ్గర ఇరుక్కుంటుంది.

ఈ సూత్రం మామూలు లారీలకే. మన ట్రాన్స్‌ఫార్మర్ లాంటి లోడు దగ్గరికి వచ్చేసరికి రాష్ట్ర ఇంజనీర్లు దారిలోని ఒక్కొక్క వంతెననూ విడిగా లెక్కగట్టాలి. ఏ బరువు దాటితే అంత లోతుగా చూడాలన్న గీత ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చోట ఉంటుంది. గీత దాటినదాన్ని సూపర్‌లోడ్ అంటారు. ఒక రాష్ట్రంలో నిమిషాల్లో వచ్చే పర్మిట్ పక్క రాష్ట్రంలో వారాలు తీసుకునేది ఇందుకే. రుసుము గొప్పదేమీ కాదు. టెక్సస్‌లో ఒక్క ప్రయాణపు పర్మిట్ మూల రుసుము 60 డాలర్లు, బరువు మించితే రోడ్డు నిర్వహణ రుసుము దానికి అదనం. అసలు ఖర్చు లోడుకు ముందో వెనకో నడిచే పైలట్ వాహనాలు, పోలీసు బందోబస్తు, తీగలు ఎత్తి పట్టే మనుషులు, దారి సర్వేల రూపంలో వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా నిలిచిపోయిన రోజుల రూపంలో వస్తుంది.

సరిహద్దు దగ్గర

పర్మిట్ అంటే రోడ్డు పేర్ల జాబితా. ఫలానా హైవే, ఫలానా నిష్క్రమణ, అక్కడి నుంచి ఫలానా కౌంటీ రోడ్డు. జాబితాలో లేని రోడ్డెక్కితే పర్మిట్ లేనట్టే. కాన్సస్ ఇచ్చిన జాబితా నెబ్రాస్కా సరిహద్దులో ఏ బిందువు దగ్గర ముగుస్తుందో, నెబ్రాస్కా జాబితా సరిగ్గా అక్కడే మొదలు కావాలి. ఆ బిందువు అవతల పది మైళ్ల దూరంలో రోడ్డు మరమ్మతు జరుగుతూ ఒకే వరుస తెరిచి ఉంటే నెబ్రాస్కా వేరే దారి చూపుతుంది. అప్పుడు కాన్సస్ పర్మిట్ కూడా మార్చుకోవాలి. ఈ సమన్వయం చేసిపెట్టే మధ్యవర్తి సంస్థలు అక్కడ ఒక వ్యాపారంగానే నడుస్తున్నాయి. ప్రభుత్వాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోని చోట ఎవరో ఒకరు ఆ మాటను అమ్ముకుంటారు.

తేదీల చిక్కు దీనికి తోడు. ఒక్క ప్రయాణపు పర్మిట్ గడువు కొద్ది రోజులే. పెద్ద లోడ్లు మామూలుగా సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయానికి అరగంట తర్వాత వరకే కదలాలి. నగరాల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో నిషేధం. పండుగ సెలవుల్లో నిషేధం, అవి ఏ మధ్యాహ్నం నుంచి మొదలవుతాయో రాష్ట్రానికో తీరు. ఈదురుగాలి వీస్తే ఆగాలి, పొగమంచు కమ్మితే ఆగాలి. కాన్సస్ మైదానంలో గాలికి రెండు రోజులు ఆగిపోతే, ఆ పైన ఉన్న మూడు రాష్ట్రాల పర్మిట్ల తేదీలు ఒకదాని వెంట ఒకటి కదలాలి.

ఉత్తరాన ఉన్న మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్, డకోటాలలో మనకు తెలియని ఇంకో నియమం ఉంది. చలికాలమంతా గడ్డకట్టిన నేల వసంతంలో పైనుంచి కరగడం మొదలవుతుంది. అడుగున మంచు అలాగే ఉంటుంది కనుక కరిగిన నీరు కిందికి ఇంకదు, తారు పొరకు అడుగున బురదై నిలుస్తుంది. ఆ కొన్ని వారాలు రోడ్డు బలం బాగా తగ్గిపోతుంది. అందుకే ఏటా అప్పుడు చాలా రోడ్ల మీద బరువు హద్దులు దించేస్తారు. మార్చిలో టెక్సస్‌లో ఎండ చక్కగా కాస్తోందని బయలుదేరిన లోడుకు నార్త్ డకోటా చిన్న రోడ్ల దగ్గర చేదు అనుభవం ఎదురయ్యేది ఇక్కడే.

పైలట్ వాహనం నడిపేవారికి కొన్ని రాష్ట్రాలు శిక్షణ, ధ్రువపత్రం అడుగుతాయి. కొన్ని అడగవు. ఒకరి పత్రాన్ని ఇంకొకరు ఒప్పుకోని చోట సరిహద్దులో పైలట్ బండినే మార్చాలి. జెండాల కొలతలు, దీపాల రంగు, ఎంత వెడల్పుకు ఎన్ని బండ్లు అన్నవి సరేసరి.

స్కాజిట్ వంతెన చెప్పినది

2013 మే 23, సాయంత్రం ఏడు గంటల వేళ. వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ వెర్నన్ పట్టణం దగ్గర ఇంటర్‌స్టేట్ 5 మీద స్కాజిట్ నదిని దాటే వంతెన. 1955లో కట్టినది, రోజుకు దాదాపు 71,000 వాహనాలు పోయేది. కెనడాలోని ఆల్బర్టా నుంచి వాషింగ్టన్ రాష్ట్రపు దక్షిణ కొసన ఉన్న వాంకోవర్ పట్టణానికి చమురు బావుల పరికరానికి చెందిన పెట్టె లాంటి నిర్మాణాన్ని ఒక ట్రైలర్ తీసుకుపోతోంది. పర్మిట్ ఉంది. అందులో ఎత్తు 15 అడుగుల 9 అంగుళాలు అని ఉంది. ముందు పైలట్ వాహనం ఉంది, దాని ముందుభాగాన నిలువుగా ఎత్తు కొలిచే కర్ర ఉంది.

ఆ వంతెన పాత తరహా ఉక్కు చట్రం. రెండు పక్కల దూలాలనూ పైన కలిపే అడ్డు కమ్మీలు విల్లులా వంపు తిరిగి ఉంటాయి. కాబట్టి వంతెన మధ్యలో 17 అడుగులకు పైగా ఎత్తు దొరుకుతుంది, కుడి అంచున 15 అడుగులు కూడా దొరకవు. రెండు వరుసల మధ్యగా పోయి ఉంటే ఆ లోడు దాటేసేదే. ఎడమ పక్కన ఇంకో లారీ వచ్చింది, ట్రైలర్ కుడి వరుసలో ఉండిపోయింది. లోడు పైభాగం వరుసగా కమ్మీలకు తగిలింది. లారీ అవతలి ఒడ్డుకు చేరి ఆగింది. వెనక వంతెన ఖండం నదిలో కూలింది. రెండు వాహనాలు, ముగ్గురు మనుషులు నీళ్లలో పడ్డారు, ముగ్గురూ బతికారు. తాత్కాలిక వంతెనతో రహదారి జూన్ 19న తెరుచుకుంది.

జాతీయ రవాణా భద్రతా మండలి 2014లో ఇచ్చిన నివేదిక ఏ ఒక్కరి మీదా నేరం మోపలేదు. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన రక్షణలన్నీ లోపభూయిష్టంగా ఉన్నాయని తేల్చింది. రవాణాదారు దారిని సరిగా పరిశీలించలేదు. పైలట్ వాహనం నడిపేవారు చేతులు వాడని ఫోనులో మాట్లాడుతూ ఉన్నారు, కర్ర వంతెనకు తగులుతున్నదన్న హెచ్చరిక వెనక వారికి అందలేదు. రాష్ట్రం పర్మిట్ దరఖాస్తును తగినంతగా చూడలేదు. వంతెన ముందు ఎత్తు తక్కువని చెప్పే బోర్డు లేదు. ఏ వరుసలో ఎంత ఎత్తు ఉందన్న సమాచారం డ్రైవరుకు కనబడే ఏర్పాటు లేదు.

వీటిలో ఆలోచించాల్సింది పర్మిట్ సంగతి. ఆన్‌లైన్‌లో తీసుకున్న ఆ పర్మిట్ దారిని చూపింది. ఆ దారిలో లోడు పట్టే ఎత్తు ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత రవాణాదారుదేనని షరతు పెట్టింది. బరువుకు రాష్ట్రం లెక్క వేస్తుంది, ఎత్తును దరఖాస్తుదారు లెక్క వేసుకోవాలి. ఈ విభజనకు కారణం ఊహించవచ్చు. బరువు మించితే నష్టం మెల్లగా, కంటికి కనబడకుండా, రాష్ట్రం ఖాతాలో పడుతుంది. ఎత్తు మించితే నష్టం అక్కడికక్కడే, ఎవరి వల్లనో తెలిసేలా జరుగుతుంది, బీమా మీదికి నెట్టవచ్చు. ఉక్కు చట్రం వంతెన ఇలాంటి దెబ్బలకు ఒక ఖండమంతా కూలుతుందన్న విషయం ఈ లెక్కలోకి రాలేదు.

నిబంధనలను ఒకేలా చేయాలన్న ప్రయత్నాలు లేకపోలేదు. పశ్చిమ రాష్ట్రాలు కొన్ని కలిసి ఒకే పర్మిట్‌తో పలు రాష్ట్రాలు దాటే ఏర్పాటు చేసుకున్నాయి, దక్షిణ రాష్ట్రాలూ అలాంటి ఒప్పందం చేసుకున్నాయి. ఒక మోస్తరు లోడ్లకు అవి బాగా పనికొస్తాయి. అసలైన చిక్కు తెచ్చే సూపర్‌లోడ్లకు వర్తించవు. చాలా రాష్ట్రాల్లో పర్మిట్లు ఇప్పుడు కంప్యూటర్ ద్వారా నిమిషాల్లో వస్తున్నాయి. వేగం పెరగడం మంచిదే. కాని అడగని ప్రశ్నను కంప్యూటర్ ఎంత వేగంగా అడగకపోయినా ఫలితం ఒకటే. యాభై రాష్ట్రాల్లో జెండా కొలత ఒకటే చేయడం కన్నా, ప్రతి వంతెనకు ప్రతి వరుసలో ఉన్న ఎత్తును పర్మిట్ వ్యవస్థలోకి ఎక్కించి, లోడు ఎత్తుతో పోల్చి, కుదరకపోతే తిరస్కరించడం ముఖ్యం. పర్మిట్ ఇచ్చే ముందే లోడు దారికి పడుతుందో లేదో పరిశీలించాలన్నది ప్రమాదం తర్వాత వచ్చిన సిఫార్సుల సారాంశం కూడా.

మన రోడ్ల మీద

మన దేశంలో ఈ తరహా సరుకును ఓడీసీ (ఓవర్ డైమెన్షనల్ కార్గో) అంటారు. లారీల వాళ్లకూ, రవాణా శాఖ సిబ్బందికీ వేరే పేరు అక్కర్లేదు. ఇక్కడ ఒక మేలు ఉంది. జాతీయ రహదారుల మీద భారీ లోడ్లకు కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖే ఆన్‌లైన్‌లో అనుమతి ఇస్తుంది, రాష్ట్రం మారినా రహదారి యజమాని మారడు. అమెరికాలో లేని ఏకగవాక్షం మనకు ఉన్నట్టే లెక్క. అయితే ప్రతి ఫ్యాక్టరీ గేటూ జాతీయ రహదారి మీద తెరుచుకోదు. అటు చివర, ఇటు చివర రాష్ట్ర రహదారి ఉంటే రోడ్లు భవనాల శాఖ, పట్టణమైతే పురపాలక సంఘం, తీగలకు డిస్కం, లెవెల్ క్రాసింగుకు రైల్వే, ట్రాఫిక్ ఆపడానికి జిల్లా పోలీసులు. 2019 సవరణ తర్వాత అనుమతి లేకుండా బరువు మించితే 20,000 రూపాయల జరిమానా, ఆపైన టన్నుకు 2,000. లోడు పక్కలకో పైకో మించితే 20,000. కోట్ల విలువైన యంత్రం పక్కన ఇవి చిన్న మొత్తాలే. నడిరోడ్డు మీద అదనపు బరువు దించమనడమే పెద్ద శిక్ష.

ఒకే రాష్ట్రంలో, ఒకే ప్రభుత్వం పూనుకుంటే పని ఎలా సాగుతుందో తెలుగువారికి తెలుసు. హుస్సేన్ సాగర్ బుద్ధ విగ్రహం 1988లో రాయగిరి నుంచి 192 చక్రాల వాహనం మీద హైదరాబాద్ చేరింది. అది ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు పట్టుబట్టి తలపెట్టిన పని, దారిలో ఎవరిని అడగాలన్న ప్రశ్న పెద్దగా రాలేదు. విషాదం రోడ్డు మీద కాక తర్వాత నీటి మీద జరిగింది.

రెండు రాష్ట్రాల సంగతి వేరు. తమిళనాడులో తిరువణ్ణామలై జిల్లా నుంచి బెంగళూరు ఈజీపురాకు విష్ణుమూర్తి ఏకశిలా విగ్రహం 2018 చివర బయలుదేరింది. వందల టన్నుల రాయి, 240 చక్రాల వాహనం. మామూలు లారీ ఒక్క రోజులో పోయే దూరానికి 2019 జూన్ దాకా పట్టింది. దారిలో కొన్నిచోట్ల ఇళ్లు, దుకాణాల ముందు భాగాలు తీసేయాల్సి వచ్చింది. వంతెనలు ఆ బరువు మోయలేవనుకున్న చోట పక్కన నదిలో మట్టి రోడ్డు వేశారు. హోసూరు దగ్గర దక్షిణ పెన్నా మీద వేసిన అలాంటి రోడ్డును వాన కొట్టుకుపోయింది.

ఇక 2019 జులైలో మహారాష్ట్ర నుంచి తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి బయలుదేరిన 74 చక్రాల వాహనం దాదాపు ఏడాదికి గమ్యం చేరింది. దాని మీద ఉన్న ఆటోక్లేవ్ అనే భారీ పీడన పాత్ర బరువు 70 టన్నులు, ఎత్తు ఏడున్నర మీటర్లు, వెడల్పు 6.65 మీటర్లు. దారిలో కరోనా లాక్‌డౌన్ వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో నెల రోజులు నిలిచిపోయింది. 70 టన్నులు అంత భయపెట్టే బరువేమీ కాదు. చంపింది ఎత్తూ వెడల్పూ. తీగలు తీయడం, కొమ్మలు కొట్టడం, రోడ్డు మొత్తం ఆపడం.

మన వంతెనల ప్రమాణాల్లో బరువు విషయం ఈమధ్య బాగా ఆలోచించారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014 నాటి ప్రమాణంలో ప్రత్యేక వాహనం అనే భారాన్ని చేర్చింది. ఒక్కొక్కటి 18 టన్నుల చొప్పున ఇరవై ఇరుసుల ట్రైలర్, దాన్ని లాగే బండితో కలిపి 385 టన్నులు. ఆ వాహనం గంటకు అయిదు కిలోమీటర్లకు మించకుండా, రోడ్డు మధ్య గీతకు 300 మిల్లీమీటర్లు అటూ ఇటూ దాటకుండా, వంతెన మీద ఇంకే బండీ లేనప్పుడు, గాలి బలంగా వీచని వేళలో పోవాలి. డిజైన్ లెక్కంతా ఈ షరతుల మీదే నిలబడింది. వాటిని అమలు చేసేది మాత్రం వంతెన దగ్గర విజిల్ పట్టుకుని నిలబడ్డ కానిస్టేబులూ, ట్రైలర్ పక్కన నడుస్తూ చక్రాలను చూసే సహాయకుడూ.

వెడల్పు విషయంలో అంత ఆలోచన కనబడదు. టోల్ ప్లాజాల్లో మామూలు వరుస వెడల్పు 3.2 మీటర్లు, ఓడీసీ వాహనాల కోసం ఉంచే వరుస 4.5 మీటర్లు. 6.65 మీటర్ల లోడుకు అది కూడా చాలదు. విభాగిని తీసి ఎదురు దిశలో నడపాలో, బూత్‌లో కొంత భాగం పీకాలో, పక్కన కచ్చా దారి వేయాలో ప్రతి ప్లాజా దగ్గరా విడిగా మాట్లాడుకోవాలి. కేంద్రం ఇచ్చిన ఆన్‌లైన్ అనుమతి చేతిలో ఉన్నా, ఆ మాట టోల్ వసూలు చేసే కంపెనీతోనూ, ఆ ప్రాజెక్టు చూసే రహదారుల ఇంజనీరుతోనూ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.